క్రైస్తవం గురించి వేరే నమ్మకాల వాళ్ళతో మాట్లాడుకోవడం: ఏ మాట దగ్గర తేడా వస్తుంది?

మధ్యాహ్నపు_నీడ
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో నెలకోసారి పది మందిమి కూర్చుని ఒక్కో మతం గురించి ఆ మతం వాళ్ళ నోటినుంచే విందామని అనుకుంటున్నాం. మొదటి నెల క్రైస్తవం. హిందువులు ఐదుగురు, క్రైస్తవులు ముగ్గురు (ఒకరు ఆర్‌సీఎం అంటే కతోలిక, ఒకరు లూథరన్, ఒకరు ఏ పెద్ద శాఖకీ చెందని స్వతంత్ర సంఘం), ఒక ముస్లిం, ఒక నాస్తికుడు. టీవీ డిబేట్ లాగా కాకూడదు, ప్రార్థనా కూటంగానూ మారకూడదు. ఎలా మొదలుపెట్టాలి? ఎక్కడ చెడుతుంది? పద్ధతి చెప్పండి చాలు.

నూనెదీపం
చెడేది ముందు మాటల దగ్గరేనండీ, సిద్ధాంతం దాకా వెళ్ళనే వెళ్ళదు. ఒకే తెలుగు మాట చర్చిలో ఒక అర్థంతో, వీధిలో ఇంకో అర్థంతో తిరుగుతుంటుంది. మీ ముగ్గురు క్రైస్తవులకూ ముందే చెప్పాల్సినవి కొన్ని రాస్తాను.

"పాపి." వీధిలో ఇది తిట్టు. "మీరు పాపులు, మీకోసం ఆయన చనిపోయాడు" అంటే చెప్పేవాడు శుభవార్త చెప్పాననుకుంటాడు, వినేవాడు అవమానం విన్నాననుకుంటాడు. బైబిల్‌లోని రోమా పత్రిక 3:23లో ఉన్నది "అందరును" అన్న మాట. చెప్పేవాడు కూడా ఆ అందరిలో ఉన్నాడు. కాబట్టి "మనందరం తప్పినవాళ్ళమే అని మేము నమ్ముతాం" అనండి. సిద్ధాంతం అంగుళం కూడా తగ్గదు, కర్త మారుతుంది అంతే.

"అన్యులు." పాత తెలుగు బైబిల్‌లో "అన్యజనులు" అంటే యూదులు కాని జాతులు. హిందువులని అర్థం కాదు. ఆ లెక్కన గుంటూరులో నాలుగు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం కూడా అన్యజనులే. ఎఫెసీ పత్రిక 2:11 అక్కడి క్రైస్తవులనే అలా పిలుస్తుంది. అయినా మన దగ్గర ప్రసంగాల్లో "అన్యుల ఇంట్లో పెళ్ళి", "అన్యుల పండుగ" అనడం అలవాటైపోయింది. పక్కింటావిడని మన ఇంట్లోనే పరాయిదాన్ని చేసే మాట ఇది. పూర్తిగా మానేయాలి.

"రక్షణ" (పాపం నుంచి విడుదల), "సాక్ష్యం" (తన విశ్వాస అనుభవం చెప్పడం), "మారుమనస్సు" (పశ్చాత్తాపం), "భారం", "ఆత్మలు." ఇవి చర్చిలో పెరగని వాళ్ళకి అసలు అర్థం కావు. ఇతరుల రక్షణ గురించి బెంగగా ఉందనడానికి "ఆత్మల భారం ఉంది" అంటే భయపడతారు కూడా. వీటికి మామూలు తెలుగు వెతుక్కుని రావాలి.

"సైతాను", "దయ్యాలు" అన్న మాటలు ఎదుటివారి దేవతల పక్కన పెట్టి వాడితే ఆ రోజు సంభాషణ ముగిసినట్టే. ఇక్కడ అపొస్తలుల కార్యములు 19:37 చూడమంటాను. ఎఫెసులో అర్తెమిదేవి గుడి విషయమై గొడవ జరిగితే, క్రైస్తవుడు కాని నగర కరణమే లేచి, ఈ మనుషులు గుడి దోచలేదు, మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్తాడు. ఏ దేవతను నమ్మలేదో ఆ దేవతను దూషించలేదని ఆ ఊరివాళ్ళే ఒప్పుకున్నారన్నమాట. నేర్చుకోదగిన కొలత ఇది.

తాటాకుచీటీ
నూనెదీపం గారు క్రైస్తవుల వైపు చెప్పారు. హిందువుల వైపు నేను చెప్తాను.

"గొర్రెలు", "గొర్రెబిడ్డలు" అని ఇంటర్నెట్‌లో అలవాటుగా వాడే ఎగతాళి ఆ గదిలోకి రాకూడదు. యోహాను 10లో కాపరి, గొర్రెలు అన్న పోలిక వాళ్ళకి ఆప్యాయమైనది. దాన్ని తిట్టుగా తిప్పితే వాళ్ళ ప్రార్థననే తిట్టినట్టవుతుంది. "మీ మతం పరాయిది" అన్నది కూడా అంతే. సువార్తల తెలుగు అనువాదం అచ్చైనది 1812లో. పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాసిన క్రైస్తవ కీర్తనలు మన రాగతాళాల్లోనే ఉన్నాయి. జాషువా క్రీస్తు కథను తెలుగు పద్యంలో చెప్పినందుకే 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఇంత లోతుగా నాటుకున్నదాన్ని పట్టుకుని "మీరు ఎక్కడివాళ్ళు?" అని అడగడం చరిత్ర తెలియకపోవడమే.

ఇక పద్ధతి. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం మాట్లాడుకోవడాన్ని మూడుగా విడదీసింది. వాదం నిజం తెలుసుకోవడానికి. జల్పం గెలవడానికి. వితండలో తనకంటూ ఏ పక్షమూ ఉండదు, ఎదుటివాడిది పడగొట్టడమే పని. మనకి కావలసింది మొదటిది. జల్పంలో వాడే ఆయుధాల్లో ఒకటి ఛలం, అంటే మాటకి అవతలివాడు ఉద్దేశించని అర్థం అంటగట్టడం. శాస్త్రకారులు ఇచ్చే ఉదాహరణ "నవకంబళుడు". కొత్త కంబళి ఉన్నవాడు అని ఒకడంటే, ఏడీ, తొమ్మిది కంబళ్ళు లేవే అని ఇంకొకడు అడుగుతాడు. ఇది వాక్ఛలం. "మంచెలు అరుస్తున్నాయి" అంటే మంచె మీది మనుషులు అరుస్తున్నారని తెలిసీ, కొయ్య ఎలా అరుస్తుంది అని అడగడం ఉపచారఛలం.

క్రైస్తవం మీద సోషల్ మీడియాలో తిరిగే వాక్యాల్లో చాలావాటి మీద జరిగేది ఈ రెండే. లూకా 14:26లో తల్లిదండ్రులను "ద్వేషింపకుంటే" శిష్యుడు కాలేడు అని ఉంది. అదే బోధ మత్తయి 10:37లో "నాకంటె ఎక్కువగా" ప్రేమించువాడు అని ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే అక్కడి ద్వేషం పోలికలో తక్కువ చేయడమని తెలుస్తుంది. లూకా 19:27లో నా శత్రువులను తెచ్చి నా ఎదుట చంపండి అన్న మాట యేసు తన శిష్యులకిచ్చిన ఆజ్ఞగా పంచుతుంటారు. 11వ వచనం నుంచి చదవండి. అది ఉపమానంలో ఒక రాజు అనే మాట.

కాబట్టి ఒక నియమం పెట్టండి. ఏ వాక్యం తెచ్చినా దానికి పైన పది, కింద పది వచనాలు గట్టిగా చదివాకే ప్రశ్న.

ఎందుకంటే
తాటాకుచీటీ గారితో సగం ఒప్పుకుంటాను. సందర్భం చదవాలి, సరే. కానీ "సందర్భం చూడండి" అన్నదే తప్పించుకునే దారి కూడా అవుతుంది. ద్వితీయోపదేశకాండం 20:16-17లో ఇశ్రాయేలీయులు జయించబోయే కనాను పట్టణాల్లో ఊపిరి ఉన్న దేన్నీ బతకనివ్వవద్దని ఉంది. ముందు పది, వెనక పది చదివినా అది అలాగే ఉంటుంది. ఇలాంటి చోట క్రైస్తవ సభ్యులు "దీన్ని మేము ఇలా అర్థం చేసుకుంటాం, అయినా ఇది మాకూ కష్టమైన భాగమే" అని చెప్పగలగాలి. ఆ ఒక్క మాటతో నాలాంటివాళ్ళకి వినాలనిపిస్తుంది. అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడిమీద నమ్మకం పోతుంది.

రెండోది, చరిత్ర వాదనని విశ్వాసపు వాదనతో కలపకండి. యేసు అనే మనిషి ఉన్నాడా, రోమన్ అధికారి పిలాతు కాలంలో సిలువ వేశారా అన్నది చరిత్ర ప్రశ్న. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 2వ శతాబ్దం మొదట్లో దాన్ని ప్రస్తావించాడు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ రచనలో రెండు చోట్ల ప్రస్తావన ఉంది. అందులో పెద్దదాన్ని తర్వాతి క్రైస్తవ లేఖకులు పెంచి రాశారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. చిన్నది, యాకోబును యేసు సోదరుడనేది, అసలుదేనని ఎక్కువమంది ఒప్పుకుంటారు. నాస్తికుడినైనా "యేసు కల్పిత పాత్ర" అని నేను అననిది అందుకే. అదే సమయంలో ఈ ఆధారాలు పునరుత్థానాన్ని, అంటే ఆయన చనిపోయి తిరిగి లేవడాన్ని, రుజువు చేయవు. "చరిత్ర రుజువు చేసింది" అని క్రైస్తవులు అనడం కూడా హద్దు దాటడమే.

నూనెదీపం
ఎందుకంటే గారూ, రెండూ ఒప్పుకుంటున్నాను. కనాను భాగం గురించి మీరు చెప్పిన వాక్యాన్నే మావాళ్ళకి నేర్పాలి.

ఒకటి కలుపుతాను. "నైకయా సభలో చక్రవర్తి బైబిల్ తయారు చేయించాడు" అన్నది చాలామంది మంచి మనసుతోనే నమ్మి అడుగుతారు. క్రైస్తవ బిషప్పులు కూడిన 325 నాటి ఆ సభ ముఖ్యంగా తేల్చింది ఆరియస్ వివాదం, అంటే కుమారుడు తండ్రితో సమానుడా, సృష్టించబడినవాడా అన్నది. ఈస్టర్ తేదీ విషయమూ వచ్చింది. పుస్తకాల జాబితా ఆ సభ పని కాదు. నేటి 27 కొత్త నిబంధన పుస్తకాల జాబితా సరిగ్గా కనిపించేది 367లో బిషప్ అతనాసియస్ రాసిన పస్కా (ఈస్టర్) ఉత్తరంలో. జవాబు రెండు వాక్యాల్లో చెప్పి ఆగండి. తెలిసిందంతా కుమ్మరిస్తే అడిగినవాడు చిన్నబోతాడు.

తాటాకుచీటీ
ఇంకో ముఖ్యమైనది మర్చిపోయాను. "వేదాల్లో యేసు ఉన్నాడు" అన్న వాదన. ఇది హిందువులకి నచ్చుతుందని, వంతెన అవుతుందని కొందరు బోధకులు ఎత్తుకుంటారు. సంస్కృతం చదివినవాళ్ళ దగ్గర ఇది వంతెనని కూల్చేస్తుంది. ఋగ్వేదం నుంచి చెప్తే మూడు అంకెలుండాలి: మండలం, సూక్తం, ఋక్కు. పురుషసూక్తం 10.90, హిరణ్యగర్భసూక్తం 10.121. ఆ అంకెలు అడగండి. అంకెలు లేకుండా "వేదంలో ఉంది" అంటూ రక్తప్రోక్షణ (పాపాల కోసం రక్తం చల్లడం) గురించి చదివే సంస్కృత వాక్యాలను గదిలోకి రానివ్వకండి. పురుషసూక్తంలో యజ్ఞమైన పురుషుడికీ సిలువకీ పోలిక చూడటం ఒక భక్తుడి ధ్యానంగా సరే. "మీ గ్రంథం అసలు చెప్పేది మా దేవుడి గురించే" అనడం మాత్రం ఎదుటివాడి ఇంటికి మన తాళం వేయడం.

ఇది అటువైపు కూడా వర్తిస్తుంది. "యేసు కూడా మా అవతారాల్లో ఒకడే" అని హిందువులు గౌరవంతోనే అంటారు. గీత 4.7-8 ప్రకారం ధర్మం క్షీణించినప్పుడల్లా అవతారం వస్తుంది. క్రైస్తవుల నమ్మకంలో దేవుడు మనిషైనది ఒక్కసారే, మళ్ళీ మళ్ళీ కాదు. "మా దృష్టిలో" అని చేర్చి చెప్తే తప్పు లేదు.

నెలవంక_చదువరి
సలాం అందరికీ. ముస్లిం సభ్యుడు ఉన్నడు గాబట్టి నాలుగు మాటలు జెప్త.

మేము యేసును ఈసా అలైహిస్సలాం (ఆయనకు శాంతి కలగాలె) అంటం. పేరు ఎన్నిసార్లొస్తే అన్నిసార్లు అంటం, దాన్ని అడ్డం కొట్టొద్దు. ఖురాన్‌ల 19వ సూరా (అధ్యాయం) పేరే మర్యమ్, అంటే యేసు తల్లి మరియ. ఆమె కన్యగానే బిడ్డను కన్నదని మేం గూడ నమ్ముతం. ఇక్కడి నుంచి మొదలువెడితే చాలాదూరం కలిసి నడవొచ్చు. విడిపోయే చోట్లు రెండు. సిలువ: 4:157 ప్రకారం ఆయన్ని చంపలేదు, సిలువ వెయ్యలేదు. ఇంకోటి "కుమారుడు" అన్న మాట. ముస్లిం చెవికి అది భార్య, సంతానం అన్నట్టు వినవడ్తది. క్రైస్తవులు ఆ అర్థంల అంటలేరని, శరీర సంబంధం గాదని ముందే చెప్పాలె. అప్పుడు గూడ మేం ఒప్పుకోం, కాని ఒప్పుకోనిది ఏందో సరిగ్గ తెలుస్తది.

పుస్తకం సంగతి. క్రైస్తవులు బైబిల్‌ల పెన్నుతో గీతలు గీస్తరు, అంచుల మీద రాసుకుంటరు. వాళ్ళకది ప్రేమ. మా ఇండ్లల్ల ఖురాన్ మీద ఎవరూ అట్ల రాయరు, కింద పెట్టరు. గదిల ఒక ఎత్తు బల్ల పెట్టి అన్ని గ్రంథాలు దాని మీదనే ఉంచుండ్రి. శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్‌ల సాయంత్రం పెట్టకుండ్రి. ఆదివారం పొద్దున వాళ్ళకు గుదరదు.

గ్రంథం గలవాళ్ళతోని (యూదులు, క్రైస్తవులు) మంచి పద్ధతిల తప్ప వాదించొద్దని ఖురాన్ 29:46 చెప్తది. మొదటి రోజు ఇది ఒక్కటి చదువుమంటే నేనైతే సంతోషపడ్త.

నూనెదీపం
దానికి జోడుగా 1 పేతురు 3:15 చదివించండి. "హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము" చెప్పమంటుంది. ఇందులో "అడుగు" అన్న మాట మీద వేలు పెట్టి చూపించాలి. అడగనివాడికి, లిఫ్టులో దొరికినవాడికి చెప్పమని ఆ వచనం అనలేదు.

కొండమీద_గంట
కతోలికుల నుంచి. ముందుగా, ముగ్గురు క్రైస్తవులకి మూడు భాషలున్నాయని మిగతావాళ్ళకి చెప్పండి. మిగతా ఇద్దరికి, అంటే ప్రొటెస్టెంట్లకి, బాప్తిస్మము, మాకు జ్ఞానస్నానం. వాళ్ళకి పరిశుద్ధాత్మ, మాకు పవిత్రాత్మ. వాళ్ళ బైబిల్‌లో 66 పుస్తకాలు, మాదాంట్లో 73. పది ఆజ్ఞల గురించి "బైబిల్‌లో రెండో ఆజ్ఞ" అని ఎవరైనా అంటే ఎవరి లెక్క అని అడగాలి, ఎందుకంటే విగ్రహాల మాట మా లెక్కలోనూ లూథరన్ల లెక్కలోనూ మొదటి ఆజ్ఞలోనే కలిసి ఉంటుంది.

"మీరూ మరియమాత విగ్రహానికి మొక్కుతారుగా, మరి మాకు చెప్తారేంటి?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే మరియమాత తిరునాళ్ళకి హిందువులూ వస్తారు, తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. జవాబు: ఆరాధన దేవుడికి మాత్రమే, మరియమ్మకి గౌరవం, రూపం గుర్తు మాత్రమే అని మా సంఘం బోధ. ఇది చెప్పగానే ఒక హిందువు "మేమూ అదే అంటాం, రాయిని కాదు, ఆవాహన చేసిన దైవాన్ని" అంటారు. అప్పుడు తొందరపడి "కాదు, తేడా ఉంది" అనకండి. వినండి. తేడా తర్వాత చెప్పొచ్చు.

మా చర్చిలో పూజకి (ఆరాధనకి) అతిథిగా వచ్చినప్పుడు ఒక ఇబ్బంది. అక్కడ ఇచ్చే అప్పాన్ని మేము దివ్యసత్ప్రసాదం అంటాం. "ప్రసాదం" అన్న మాట వినగానే హిందూ స్నేహితులు భక్తిగా లేచి వరుసలో నిలబడతారు. దాన్ని కతోలికులకే ఇస్తారు. ఫాదర్ ముందుకొచ్చాక ఆపితే అందరి ముందూ చిన్నతనం. బెంచీలో కూర్చోగానే పక్కనున్న కతోలికుడు "మేము లేచి వెళ్తాం, మీరు ఇక్కడే ఉండండి, తప్పేం లేదు" అని ముందే చెప్పాలి.

మధ్యాహ్నపు_నీడ
ఎంతో ఉపయోగం. ప్రసాదం మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. మీటింగ్‌కి మాలో ఒకావిడ ఎప్పుడూ గుడినుంచి పులిహోర తెస్తారు. క్రైస్తవులు తినకపోతే బాధపడతారేమో?

నూనెదీపం
దీని మీద తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రాసింది చాలా సూక్ష్మంగా ఉంటుంది, 1 కొరింథీ 10:27-29. ఎవరైనా భోజనానికి పిలిస్తే వడ్డించింది ఆరా తీయకుండా తినమంటాడు. ఎవరైనా ఇది అర్పించినది అని చెప్తే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. కారణం తిండిలో విషముందని కాదు. అందుకే కొందరు క్రైస్తవులు తింటారు, కొందరు తినరు. "ఫలానా వాళ్ళు తిన్నారుగా, మీకేంటి?" అని పోల్చకండి.

చేయాల్సింది తేలిక. రెండు పళ్ళాలు పెట్టండి, ఒకటి ప్రసాదం, ఒకటి ఇంట్లో చేసిన పలహారం. ఏది ఏదో ఆవిడే చెప్పాలి. తిననివారు రెండు చేతులూ జోడించి "మీరు మాకోసం తెచ్చారు, సంతోషమమ్మా. నా నియమం వల్ల తీసుకోలేను, ఆ రెండోది పెట్టండి" అనాలి. నియమం అన్న మాట మన ఇళ్ళల్లో అందరికీ అర్థమవుతుంది, ఏకాదశి, అయ్యప్ప మాల, రంజాన్ రోజా ఉన్నవాళ్ళున్న చోట. "విగ్రహాలకు పెట్టింది మేం తినం" అంటే నిజం అదే అయినా ఆవిడ చేతిని తోసేసినట్టే.

ఎందుకంటే
అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. "నేను నమ్మకపోతే నరకానికి పోతానా?" ఇది అడిగితే మీ ముగ్గురూ ఏం చెప్తారు?

కొండమీద_గంట
తప్పించుకోకుండా చెప్పాలి. మా కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1964లో, తమ తప్పేమీ లేకుండా సువార్త తెలియనివాళ్ళు మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికితే వాళ్ళూ రక్షణ పొందగలరని చెప్పింది. 1965 ప్రకటనలో ఇతర మతాల్లోని సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని సంఘం తోసిపుచ్చదని ఉంది. ఇది అన్ని మతాలూ ఒకటే అనడం కాదు, రక్షణ క్రీస్తు ద్వారానే అని మా విశ్వాసం.

నూనెదీపం
స్వతంత్ర సంఘం సభ్యుడు బహుశా యోహాను 14:6 చెప్పి, క్రీస్తును నమ్మడం తప్ప దారి లేదంటారు. ఆయన అలా నమ్మితే అలాగే చెప్పనివ్వండి. తీపి చేసి చెప్పించడం కూడా అగౌరవమే. కాకపోతే "నువ్వు పోతావు" అనకుండా, "మా సంఘం బోధ ఇది. ఒక మనిషి మీద తీర్పు చెప్పే అధికారం నాకు లేదు" అన్న రెండో వాక్యాన్ని వదలకూడదు. ఆ రెండో వాక్యం కూడా బైబిల్ బోధే.

ఎందుకంటే
ఈ జవాబు నాకు నచ్చదు, కానీ ఇది జవాబే. సరే.

చట్టం_గడప
క్లుప్తంగా. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇస్తుంది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం వంటి పరిమితులతో. ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977 స్టానిస్లాస్ కేసులో చెప్పింది. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలను కించపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ (పాత 295ఏ). తిరుమల వంటి క్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చట్టం వచ్చింది. మీ గదిలో జరిగేది వీటికి దూరమే. ప్రమాదం వీడియోతో వస్తుంది. గంట మాటల్లోంచి ముప్పై సెకన్లు కోసి గ్రూపుల్లో వేస్తే "ఎందుకన్నారు" అన్నది పోయి "ఏమన్నారు" ఒక్కటే మిగులుతుంది. అందరూ ఒప్పుకుంటే తప్ప రికార్డింగు వద్దు.

ఇంకొకటి. "సర్టిఫికెట్లో ఏం రాయించుకున్నారు?" అన్న ప్రశ్నని ఆ గదిలో నిషేధించండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి పరిమితం చేసింది. క్రైస్తవంలోకి వెళ్ళిన దళితులు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ. ఇది విధాన చర్చ. ఎదురుగా కూర్చున్న మనిషిని దాని గురించి నిలదీయడం సంభాషణ కాదు.

రెల్లుపూలు
"బియ్యం కోసం మారారు" అన్న మాట కూడా ఆ కోవలోదే. దీనికి కోపంతో కాక చరిత్రతో జవాబుంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలి పని కల్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కృతజ్ఞత కూడా కారణమే అని ఎవరైనా వాదిస్తే అది న్యాయమైన చర్చ. అయితే ఆ 2,222 మందిలో ఎక్కువమంది అంటరానితనం భరించినవాళ్ళు. వాళ్ళకి బుద్ధి, ఆత్మగౌరవం ఉన్నాయని, ఎంచుకోగలరని ఒప్పుకున్నాకే ఆ చర్చ మొదలవ్వాలి.

ఆసుపత్రిలో పలకరింపులకి వెళ్ళే క్రైస్తవులకి కూడా ఒక మాట. మంచం మీదున్న మనిషి "వద్దు" అనలేడు. ఒక్కసారే అడగండి: "మీకోసం ప్రార్థన చేయవచ్చా? ఇక్కడ చేయమంటారా, ఇంటికెళ్ళి చేసుకోమంటారా?" రెండో దారి ఇస్తేనే అది నిజమైన ప్రశ్న. కరపత్రం దిండు కింద పెట్టి రావద్దు.

తాటాకుచీటీ
నీడ గారూ, కూర్చోబెట్టే క్రమం ఇలా అనుకోండి. మొత్తం 75 నిమిషాలు. మొదటి 10 పాఠం చదవడానికి. ముగ్గురు క్రైస్తవులకి తలా 5 నిమిషాలు, "మా సంఘంలో దీన్ని ఇలా చదువుతాం" అని. పాస్టరునో ఫాదర్‌నో పిలవకండి, పిలిస్తే పది మంది అడగడం, ఒక్కరు చెప్పడం అవుతుంది. తర్వాత 40 నిమిషాలు ప్రశ్నలు, చీటీల మీద రాసి, ఒక విడతకి నాలుగే. ప్రశ్నించేవారు ముందు పూర్వపక్షం చెప్పాలి: "మీరన్నది ఇదీ అని నాకర్థమైంది." అవతలివారు "అవును, అదే" అన్నాకే ప్రశ్న. రెండుసార్లు "కాదు" అంటే ఆ ప్రశ్న పక్కన పెట్టండి. మిగిలిన 10 నిమిషాలు టీకి ఉంచండి, అసలు మాటలు అక్కడే నడుస్తాయి.

మొదటి పాఠంగా లూకా 15:11-32, తప్పిపోయిన కుమారుడు. 22 వచనాలు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లోనే ఉండి కోపగించుకున్న పెద్దకొడుకు గురించి ఏ మతం వాళ్ళకైనా చెప్పడానికి ఉంటుంది. బౌద్ధుల సద్ధర్మ పుండరీకంలోనూ ఇల్లు విడిచిపోయిన కొడుకు కథ ఉంది. అందులో కొడుకు తండ్రిని గుర్తుపట్టడు, ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లోనే పెంట ఎత్తుతాడు. రెండో నెలకి దాచుకోండి.

మధ్యాహ్నపు_నీడ
అలాగే చేస్తాం. పాఠం ఏ అనువాదంలో ప్రింటు తీయమంటారు?

కొండమీద_గంట
రెండూ తీయండి, ఎడమ పక్క పాత అనువాదం, కుడి పక్క కతోలిక అనువాదం, పది కాపీలు. అక్షరాలు కాస్త పెద్దవిగా, అంచు వెడల్పుగా. గీతలు గీసుకునేవాళ్ళు ఆ కాగితం మీదే గీసుకుంటారు, నెలవంక గారికీ ఇబ్బంది ఉండదు.

నెలవంక_చదువరి
మంచిగుంది. ఆ ఎత్తు బల్ల మాత్రం మర్సిపోకుండ్రి.